షాపు వైఫై, స్టడీ హాల్ వైఫై: పేరు మార్చడం కాదు, నిజంగా వేరు చేయడం ఎట్లా?

ప్రశ్న: అన్నా, నమస్తే. హైదరాబాద్ అశోక్ నగర్‌లో మాది చిన్న జిరాక్స్, ప్రింటింగ్ షాపు. పైన ఫస్ట్ ఫ్లోర్‌లో 40 సీట్ల స్టడీ హాల్ కూడా మేమే నడుపుతున్నాం, గ్రూప్స్‌కి, ఎస్ఐకి ప్రిపేర్ అయ్యే పిల్లలు వస్తారు. మొత్తానికి ఒకటే ఫైబర్ కనెక్షన్, 100 ఎంబీపీఎస్, నెట్ వాళ్ళు పెట్టిన డబ్బానే. పాస్‌వర్డ్ మొదటి నుంచీ హాల్లో గోడ మీద రాసి ఉంది. పోయిన వారం మేం ఎవరం ఏమీ కొట్టకుండానే కింద ప్రింటర్‌లోంచి ఎవరిదో కరెంట్ అఫైర్స్ నోట్స్ పేజీలకి పేజీలు వచ్చేసింది. తర్వాత ఒక అబ్బాయి వచ్చి "అన్నా, మీ సీసీ కెమెరా పేజీ నా ఫోన్‌లో ఓపెన్ అవుతుంది" అని చూపించాడు. భయమేసి నెట్ వాళ్ళ టెక్నీషియన్‌ని పిలిస్తే అదే డబ్బాలో "గెస్ట్" అని ఇంకో వైఫై పేరు పెట్టి, ఇక ప్రాబ్లం లేదని చెప్పి వెళ్ళిపోయాడు. నిజంగా అయిపోయినట్టేనా? ఇంకో కనెక్షన్ తీసుకోవాలా? ఎక్కువ ఖర్చు పెట్టలేం. ఇట్లా వైఫై ఇస్తే గవర్నమెంట్ రూల్స్ ఏమైనా ఉంటాయా?

జవాబు: తమ్ముడూ, ఇంకో కనెక్షన్ అక్కర్లేదు, ఉన్న ఒక్క లైన్‌తోనే పని అవుతది. కానీ టెక్నీషియన్ పెట్టిపోయిన ఆ రెండో పేరుతో అంతా అయిపోయిందని మాత్రం అనుకోకు. నెట్ వాళ్ళు ఇచ్చే డబ్బాల్లో చాలావాటిలో రెండో పేరు పెట్టినా లోపల రెండూ ఒకే నెట్‌వర్క్‌లో కలుస్తాయి, ఒకే ఇంటికి రెండు గుమ్మాలు పెట్టినట్టు, ఏ గుమ్మంలోంచి వచ్చినా చేరేది అదే హాల్లోకి. కొన్ని డబ్బాల్లో మాత్రం గెస్ట్ అంటే నిజంగానే వేరు చేస్తది. నీది ఏ రకమో నువ్వే ఫోన్‌తో చూసుకోవచ్చు, చెప్తా.

దానికంటే ముందు ఆ ప్రింట్ల సంగతి. పైన ఉన్న పిల్లల్లో ఎవరో నీ మీద హ్యాకింగ్ చేశారని అనుకోవద్దు, ఎవరినీ నిలదీయొద్దు కూడా. వైఫైకి గానీ లాన్ కేబుల్‌కి గానీ తగిలించిన ప్రింటర్ తన పేరు తానే ఆ నెట్‌వర్క్ మొత్తానికి చెప్పుకుంటూ ఉంటది, ఫోన్‌లో ప్రింట్ అని నొక్కగానే ఆ పేరు లిస్టులో వచ్చేస్తది, పాస్‌వర్డ్ అడగదు, ఎవరు పంపినా కొడతది. పాపం ఆ అబ్బాయి పీడీఎఫ్ సేవ్ చేసుకుందామని నొక్కి ఉంటాడు, అక్కడ ముందు నీ ప్రింటర్ పేరు ఉండి ఉంటది. కెమెరా సంగతీ అంతే, ఆ వీడియోలు రికార్డ్ చేసే డీవీఆర్‌కి ఒక అడ్రస్ ఉంటది, అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరు బ్రౌజర్‌లో ఆ అడ్రస్ కొట్టినా లాగిన్ పేజీ వస్తది. నీకు చూపించిన పిల్లాడు మంచోడు, వచ్చి చెప్పాడు, వాడికి థాంక్స్ చెప్పు.

నాకు ప్రింటర్, కెమెరా కంటే ఎక్కువ భయం నీ కౌంటర్ మీద ఉన్న కంప్యూటర్ గురించి. జిరాక్స్ షాపు కంప్యూటర్ అంటే అందులో ఏముంటదో నీకు నేను చెప్పక్కర్లేదు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఒక్కసారి ఓపెన్ చేసి కిందికి జరుపుకుంటూ పో, ఎవరిదో ఆధార్ రెండు వైపులా, టెన్త్ మెమో, క్యాస్ట్ సర్టిఫికెట్, బ్యాంక్ పాస్‌బుక్ మొదటి పేజీ, పాస్‌పోర్ట్ సైజు ఫోటో, సంతకం స్కాన్ చేసింది, అప్లికేషన్‌కి కావాల్సినవన్నీ ఒక మనిషివి ఒకే చోట. ఇంకొకరి పేరు మీద లోనో సిమ్మో తీయాలనుకునేవాడికి కూడా కావాల్సింది సరిగ్గా అవే. పైగా చాలా షాపుల్లో స్కానర్ నుంచి ఫైళ్ళు ఈజీగా రావాలని ఒక ఫోల్డర్ షేర్‌లో పెట్టి అందరికీ పర్మిషన్ ఇచ్చేస్తారు. నీది కూడా అట్లా ఉంటే, గోడ మీద పాస్‌వర్డ్ చూసి కనెక్ట్ అయిన ప్రతి లాప్‌టాప్‌కీ ఆ ఫోల్డర్ కనిపించే అవకాశం ఉంది. పిల్లలు మంచోళ్ళే, కానీ వాళ్ళ లాప్‌టాప్‌లో క్రాక్ సాఫ్ట్‌వేర్‌తో పాటు ఏం దిగిందో వాళ్ళకే తెలియదు. 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే వైరస్, విండోస్ ఫైల్ షేరింగ్‌లో ఉన్న లోపం పట్టుకునే ఒక కంప్యూటర్ నుంచి పక్క కంప్యూటర్‌కి, ఎవరూ ఏమీ నొక్కకుండానే పాకింది. మైక్రోసాఫ్ట్ దానికి మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చింది, వేసుకోని వాళ్ళవి పోయాయి. నీ కౌంటర్ సిస్టమ్‌లో ఇంకా విండోస్ 7 ఉంటే, దానికి అప్‌డేట్లు 2020 జనవరిలోనే ఆగిపోయాయి, విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్‌తో మామూలు అప్‌డేట్లు అయిపోయాయి. అందుకని కస్టమర్లకి నెట్ ఇవ్వొద్దని కాదు నేననేది, ఆ పిల్లలకి నెట్ కావాలి, టెస్ట్ సిరీస్‌లన్నీ ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి, ఇవ్వు. కానీ నీ దగ్గర పేపర్లు ఇచ్చి పోయిన జనం నిన్ను నమ్మి ఇచ్చారు, ఆ కంప్యూటర్ ఉన్న నెట్‌వర్క్‌లోకి బయటి ఫోను ఒక్కటి కూడా రాకూడదు.

ఇప్పుడు టెస్ట్. ముందు ప్రింటర్ అడ్రస్, డీవీఆర్ అడ్రస్ తెలుసుకో. ప్రింటర్ మెనూలో నెట్‌వర్క్ సెట్టింగ్స్ ప్రింట్ తీయమని ఉంటది, ఆ కాగితం మీద 192.168 తో మొదలయ్యే నంబర్ ఉంటది. డీవీఆర్‌కి అయితే టీవీ మీద మెనూలో నెట్‌వర్క్ అని ఉన్నచోట చూడు. రెండూ ఒక చీటీ మీద రాసుకో. తర్వాత నీ ఫోన్‌లో మొబైల్ డేటా ఆఫ్ చేసి, ఆ కొత్త గెస్ట్ వైఫైకి మాత్రమే కనెక్ట్ అయ్యి, బ్రౌజర్‌లో ప్రింటర్ నంబర్ కొట్టు. ప్రింటర్ పేజీ వచ్చిందంటే నెట్‌వర్క్ విడిపోలేదన్నట్టే. డీవీఆర్ నంబర్ కొట్టు, 192.168.1.1 కూడా కొట్టి చూడు, అది సాధారణంగా డబ్బా సెట్టింగ్స్ పేజీ, కొన్నింటికి 192.168.0.1 ఉంటది. ఫింగ్ లాంటి యాప్ ఒకటి వేసుకుంటే ఆ వైఫైలో ఎవరెవరు కనిపిస్తున్నారో లిస్ట్ మొత్తం వస్తది, అందులో నీ కౌంటర్ సిస్టమ్ పేరు కనిపించిందంటే ఇక అనుమానమే లేదు. ఫోన్‌లో వైఫై డీటైల్స్‌లో ఐపీ అడ్రస్ కూడా చూడు, పాత వైఫైలోనూ కొత్తదాంట్లోనూ మొదటి మూడు నంబర్లు ఒకేలా ఉంటే చాలాసార్లు అది ఒకే నెట్‌వర్క్, కానీ దాన్నొక్కదాన్నే చూసి తేల్చేయకు, కొన్ని రూటర్లు ఒకే సిరీస్ నంబర్లు ఇచ్చి కూడా మధ్యలో అడ్డం పెడతాయి. పేజీ తెరుచుకుందా లేదా అన్నదే అసలు పరీక్ష.

టెక్నీషియన్లు ఇంకోటి చేస్తుంటారు, "ఏపీ ఐసొలేషన్" అని ఒక టిక్ పెట్టి ఇక ఎవరికెవరూ కనిపించరు అంటారు. అది చాలావరకు వైఫైలో ఉన్న ఫోన్‌కీ వైఫైలో ఉన్న ఇంకో ఫోన్‌కీ మధ్య మాత్రమే అడ్డం. నీ డీవీఆర్, నీ కౌంటర్ సిస్టమ్ కేబుల్ మీద ఉన్నాయి కదా, వాటికి ఆ టిక్ వర్తించకపోవచ్చు. పెట్టు, మంచిదే, పిల్లల లాప్‌టాప్‌లు ఒకదానికొకటి కనిపించకుండా ఉంటాయి, కానీ దాని మీదే ఆధారపడొద్దు.

టెస్ట్‌లో ఏ పేజీ రాలేదంటే నీ డబ్బా మంచిదే, అక్కడ నెట్ వస్తుందా లేదా చూసుకుని వదిలేయొచ్చు. వచ్చిందంటే, ముందు డబ్బా సెట్టింగ్స్‌లో గెస్ట్ నెట్‌వర్క్ దగ్గర "లోకల్ నెట్‌వర్క్ యాక్సెస్ ఇవ్వాలా" అన్న అర్థంతో ఏదైనా ఆప్షన్ ఉందా చూడు, ఉంటే తీసేసి మళ్ళీ టెస్ట్ చెయ్యి. నెట్ వాళ్ళ డబ్బాల్లో అట్లాంటి ఆప్షన్ చాలాసార్లు ఉండదు, లేదా అడ్మిన్ పాస్‌వర్డ్ వాళ్ళు నీకివ్వరు. అప్పుడు రెండో దారి, నీకు నేను గట్టిగా చెప్పేది ఇదే.

ఒక మామూలు రూటర్ కొను. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో అడిగితే ఎన్నో రకాలు చూపిస్తారు, ఖరీదైనది అక్కర్లేదు, డబ్ల్యూపీఏ3 అనే కొత్త రకం వైఫై సెక్యూరిటీ ఉండి, స్పీడ్‌గా నడిచే గిగాబిట్ పోర్టులు ఉంటే చాలు. దీన్ని షాపుకి వాడుకో, నెట్ వాళ్ళ డబ్బాని పిల్లలకి వదిలేయ్. డబ్బా వెనక లాన్ పోర్ట్‌లోంచి ఒక కేబుల్ తీసి కొత్త రూటర్ వ్యాన్ పోర్ట్‌లో పెట్టు, చాలా రూటర్ల మీద ఆ పోర్ట్ పక్కన ఇంటర్నెట్ అనో వ్యాన్ అనో రాసి ఉంటది. కౌంటర్ సిస్టమ్, ప్రింటర్లు, డీవీఆర్, నీ ఫోన్, ఇవన్నీ కొత్త రూటర్‌కే తగిలించు, కేబుల్ అయినా వైఫై అయినా.

ఇక్కడ చాలామంది ఉల్టా చేస్తారు, అది బాగా గుర్తుపెట్టుకో. కొత్త రూటర్ కొన్నాం కదా, దాన్ని పైన స్టడీ హాల్లో పెట్టి పిల్లలకిచ్చి, పాత డబ్బా మీదే షాపు ఉంచుదాం అనిపిస్తది. అట్లా పెడితే విడదీసినట్టే ఉంటది, విడిపోదు. ఎందుకంటే రూటర్ తన వెనక ఉన్నవాళ్ళని ముందుకి పోనిస్తది, ముందు నుంచి వెనక్కి రానివ్వదు. వెనక పిల్లలుంటే, వాళ్ళు ఇంటర్నెట్‌కి పోయే దారిలోనే ముందు ఉన్న నీ డబ్బా, దానికి తగిలించిన ప్రింటరూ డీవీఆరూ ఉంటాయి, వాటి నంబర్ కొడితే రూటర్ ఆపకుండా తీసుకెళ్ళి చూపిస్తది. అదే షాపు వెనక ఉంటే, పైనున్న పిల్లలు ఎన్ని నంబర్లు కొట్టినా కొత్త రూటర్ గుమ్మం దగ్గరే ఆగిపోతారు. కాపాడుకోవాల్సింది ఎప్పుడూ లోపలి రూటర్ వెనక ఉండాలి.

ఇంకో చిన్న మెలిక, రెండు డబ్బాలూ ఒకే సిరీస్ నంబర్లు ఇస్తే గందరగోళం అయ్యి నెట్ రాదు. పాతది 192.168.1 సిరీస్ అయితే కొత్తదాన్ని 192.168.50 అనో 10.10.10 అనో మార్చు, చాలా రూటర్లు ఇప్పుడు అవే గుర్తుపట్టి మార్చుకుంటాయి. రూటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో మాత్రం పెట్టొద్దు, అందులో అది వైఫై పంచడం తప్ప ఇంకేమీ చెయ్యదు, ఆ మోడ్‌లో పెడితే మధ్యలో ఉండాల్సిన అడ్డం పోయి మళ్ళీ అంతా ఒకటే నెట్‌వర్క్ అవుతది. కొనే చోట అబ్బాయి "ఈజీగా ఉంటది అన్నా" అని అదే మోడ్ పెట్టి ఇచ్చినా ఇంటికొచ్చి రూటర్ మోడ్‌కి మార్చు. రూటర్ వెనక రూటర్ పెట్టినందుకు నీకు పెద్దగా ఇబ్బందేమీ రాదు. కెమెరాలు ఫోన్‌లో చూసుకునేది కంపెనీ యాప్‌లో క్యూఆర్ స్కాన్ చేసి పెట్టుకున్నదైతే అట్లాగే పని చేస్తది, ఎవరైనా పోర్ట్ ఫార్వార్డింగ్ చేసి పెట్టి ఉంటే ఆగిపోతది, ఆగనివ్వు, డీవీఆర్‌ని నేరుగా ఇంటర్నెట్ మీదకి తెరిచి పెట్టడం ఎట్లాగూ మంచిది కాదు. యూపీఐ డబ్బులు పడ్డాయని చెప్పే సౌండ్ బాక్స్ చాలావరకు సొంత సిమ్‌తో నడుస్తది కాబట్టి దానికీ దీనికీ సంబంధం లేదు.

ఖర్చు ఇంకొంచెం పెట్టగలిగితే మూడో దారి ఉంది, వీల్యాన్. ఒమాడా, యూనిఫై, మైక్రోటిక్ లాంటి బ్రాండ్లలో ఒకే రూటర్, ఒకే కేబుల్ మీద రెండు మూడు నెట్‌వర్క్‌లు విడివిడిగా నడపొచ్చు, గెస్ట్ నుంచి షాపు వైపు ఏదీ పోకూడదని ఫైర్‌వాల్‌లో ఒక రూల్ రాస్తే అయిపోతది. బాగుంటది, కానీ తెలిసినవాడు సెట్ చెయ్యాలి, మధ్యలో కేబుళ్ళు కలిపే నెట్‌వర్క్ స్విచ్ ఉంటే అది కూడా వీల్యాన్ అర్థమయ్యే మేనేజ్డ్ స్విచ్ అయ్యుండాలి. ఒక షాపు, ఒక హాలుకి ఇప్పుడే ఇంత అవసరం లేదు. రేపు ఇంకో ఫ్లోర్ తీసుకుంటే అప్పుడు చూద్దాం.

స్పీడ్ గురించి నువ్వు అడగలేదు గానీ నెట్‌వర్క్ వేరు చేశాక వచ్చే మొదటి కంప్లయింట్ అదే. 40 సీట్లంటే ఒక్కొక్కరికి ఫోను, లాప్‌టాప్ కలిపి 80 దాకా కనెక్షన్లు, కింద షాపులో ఉన్న డబ్బా స్లాబ్ దాటి పైకి వచ్చేసరికి నీరసపడిపోతది. ఒక లాన్ కేబుల్ పైకి లాగించి హాల్ సీలింగ్‌కి ఒక యాక్సెస్ పాయింట్ బిగించు, దాని కేబుల్ పాత డబ్బా లాన్ పోర్ట్‌లోనే పెట్టు, పొరపాటున కూడా కొత్త రూటర్‌లో పెట్టకు. పైన అంతా పిల్లల వైపే కాబట్టి ఇక్కడ యాక్సెస్ పాయింట్ మోడ్ ఉన్నా పర్వాలేదు. అది పెట్టాక డబ్బాలోని వైఫై ఆఫ్ చేసేయొచ్చు, కింద దానితో పనిలేదు. షాపుల కోసం అమ్మే యాక్సెస్ పాయింట్లలో మనిషికింత అని స్పీడ్ లిమిట్ పెట్టుకోవచ్చు, కొనేముందు ఆ ఆప్షన్ ఉందా అని అడుగు. ఒక్కొక్కరికి 5 ఎంబీపీఎస్ పెట్టు, వీడియో క్లాస్ హెచ్‌డీలో చూడ్డానికి అది సరిపోతది, ఒకడు సినిమా డౌన్‌లోడ్ పెట్టినా మిగతా 39 మందీ, కింద అర్జెంటుగా హాల్ టికెట్ ప్రింట్‌కి వచ్చినవాడూ ఆగరు. పెద్ద డౌన్‌లోడ్లకి అది తక్కువే, పిల్లలు అడుగుతారు, రాత్రి పది తర్వాత లిమిట్ పెంచుతావో లేదో నీ ఇష్టం. అశోక్ నగర్‌లో గోడకో వైఫై ఉంది, 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ అంతా రద్దీ, అందుకని 5 గిగాహెర్ట్జ్ ఆన్‌లో ఉంచు, 2.4లో ఛానెల్ 1, 6, 11లో ఏది ఖాళీగా ఉంటే అది పెట్టు. నెట్ సిగ్నల్ ఫుల్‌గా ఉంది కానీ కనెక్ట్ అవ్వట్లేదని ఎవరైనా అంటే డబ్బాలో డీహెచ్‌సీపీ అన్నచోట చూడు, ఎన్ని అడ్రస్‌లు ఇవ్వాలో అక్కడ లిమిట్ ఉంటది, కొన్నింట్లో ఆ లిమిట్ మరీ తక్కువ పెట్టి ఉంటది, 200 దాకా పెంచి, లీజ్ టైమ్, అంటే ఒక అడ్రస్ ఒక ఫోన్ పేరు మీద ఉండే టైమ్, రెండు గంటలకి తగ్గించు.

పాస్‌వర్డ్ విషయంలో నీ పని తగ్గే ఉపాయం ఒకటి చెప్తా. ఇప్పుడున్న వైఫై పేరు, పాస్‌వర్డ్ ఇప్పటికే పిల్లల ఫోన్లన్నింట్లో ఉంది, మానేసి వెళ్ళినవాళ్ళ ఫోన్లలో కూడా ఉంది. ఆ పేరు పిల్లల వైపే ఉంచేయ్, షాపుకి కొత్త పేరు, కొత్త పాస్‌వర్డ్ పెట్టుకో, మార్చాల్సింది నీ దగ్గరున్న నాలుగైదు వస్తువులకే. షాపు పాస్‌వర్డ్ నీకూ ఇంట్లోవాళ్ళకీ తప్ప ఎవరికీ చెప్పకు, కౌంటర్ దగ్గర పనిచేసే అబ్బాయికి ఫోన్‌లో నెట్ కావాలంటే పిల్లల వైఫై ఇవ్వు, ఏమీ అనుకోడు. రెండు డబ్బాల్లోనూ డబ్ల్యూపీఎస్ అని, పాస్‌వర్డ్ కొట్టకుండానే కనెక్ట్ చేసే బటన్ ఉంటే, సెట్టింగ్స్‌లో ఆఫ్ చెయ్యి. డబ్బా అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చు, పిల్లల వైపు నుంచి ఆ పేజీ ఒక్కటి ఎట్లాగూ తెరుచుకుంటది కదా, అడ్మిన్ అడ్మిన్ అని వదిలేస్తే ఎవడో ఒకడు లోపలికి పోతాడు.

పిల్లల పాస్‌వర్డ్ కూడా ఎప్పటికీ ఒకటే ఉంచకు, నెల ఫీజు కట్టే రోజుల్లో మార్చు, ఫీజు కట్టినవాళ్ళకి కొత్తది ఇవ్వు. గోడ మీద రాయడం బదులు క్యూఆర్ చేసి లామినేషన్ చేయించు, నీ షాపులోనే అవుతది, ఫోన్‌లో వైఫై షేర్ నొక్కితే క్యూఆర్ అదే వస్తది, కెమెరా పెట్టగానే కనెక్ట్ అవుతది. కాకపోతే దాన్ని హాల్ లోపల పెట్టు, కింద కౌంటర్ మీద యూపీఐ క్యూఆర్ పక్కన పెట్టకు, రెండూ పక్కపక్కన ఉంటే జనం తికమకపడతారు, మీద ఇంకో స్టిక్కర్ అంటించినా ఎవరూ గమనించరు. ఎవరో ఒకరిని బ్లాక్ చేయాల్సి వస్తే మ్యాక్ అడ్రస్‌తో, అంటే ఒక్కో ఫోన్‌కి ఉండే గుర్తింపు నంబర్‌తో, బ్లాక్ చేసి కూర్చోకు, ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి ఫోన్ అసలు అడ్రస్ కాకుండా వేరే అడ్రస్ చూపిస్తది, ఆ బ్లాక్ మీద భరోసా లేదు. పాస్‌వర్డ్ మార్చడమే సరైన పని.

రూల్స్ అడిగావు. పాస్‌వర్డ్ లేకుండా ఓపెన్ వైఫై మాత్రం ఎప్పుడూ వదలొద్దు. 2008లో అహ్మదాబాద్ పేలుళ్ళప్పుడు బెదిరింపు మెయిల్ నవీ ముంబైలో ఒకాయన ఇంటి వైఫై నుంచి పోయింది, ఆయనకి ఏ సంబంధమూ లేదు, అయినా పోలీసులు ముందు ఆయన దగ్గరికే వచ్చారు, ఎందుకంటే కనెక్షన్ ఆయన అడ్రస్ మీద ఉంది. దాని తర్వాతే 2009 ఫిబ్రవరిలో టెలికాం డిపార్ట్‌మెంట్ ఇంటర్నెట్ కంపెనీలకి ఆర్డర్ ఇచ్చింది, పబ్లిక్ ప్లేస్‌లో వైఫై వాడేవాళ్ళు ఎవరో తెలియాలి, ఫోటో ఐడీ అయినా తీసుకోవాలి, ఫోన్‌కి ఓటీపీ అయినా పంపాలి అని. రైల్వే స్టేషన్‌లో, ఎయిర్‌పోర్ట్‌లో ఓటీపీ అడిగేది అందుకే. నీ హాల్లో సీటు తీసుకునేవాళ్ళ దగ్గర ఐడీ జిరాక్స్, ఫోన్ నంబర్ ఎట్లాగూ తీసుకుంటావు, ఆ రిజిస్టర్ సరిగ్గా పెట్టు, చేరిన తేదీ, మానేసిన తేదీ రాసి ఉంచు, మెంబర్లకి తప్ప పాస్‌వర్డ్ ఇవ్వకు. జిరాక్స్‌కి వచ్చి రెండు నిమిషాలు నిలబడేవాళ్ళకి వైఫై ఎందుకు, వాళ్ళకి ఇవ్వక్కర్లేదు. మెంబర్ల నంబర్లకి మెసేజ్‌లు పంపి అడ్వర్టైజ్‌మెంట్ చేసే ఆలోచన మాత్రం పెట్టుకోకు, 2023లో డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, ఎందుకు తీసుకున్నామో దానికే వాడాలి.

ఇంకా, నీ ప్లాన్ ఇంటి ప్లానా బిజినెస్ ప్లానా చూసుకో. ఇంటి ప్లాన్ మీద బయటివాళ్ళకి నెట్ ఇవ్వడాన్ని కంపెనీ కండిషన్లు ఒప్పుకోకపోవచ్చు, ఫోన్ చేసి స్టడీ హాల్‌కి వాడుతున్నా అని చెప్పి దానికి తగ్గ ప్లాన్ అడుగు. రేపు వైఫైని గంటకింత అని విడిగా అమ్మాలనుకుంటే పీఎం-వాణి అని 2020 డిసెంబర్‌లో కేంద్ర కేబినెట్ ఓకే చేసిన పథకం ఉంది, చిన్న షాపువాళ్ళు లైసెన్స్ లేకుండా, రిజిస్ట్రేషన్ ఫీజు లేకుండా దాని కింద వైఫై పెట్టుకోవచ్చు, లాగిన్ అయ్యేవాళ్ళు ఎవరనేది ఆ సిస్టమే చూసుకుంటది. ఇప్పుడు నువ్వు చేసేది సీటు ఫీజులో కలిపి ఇవ్వడం కాబట్టి దాని తొందర లేదు.

నెట్‌వర్క్ వేరు చేశాక పైనుంచి పిల్లలు నేరుగా ప్రింట్ ఇవ్వలేరు, ఒకరిద్దరు అడుగుతారు, వాళ్ళ కోసం మళ్ళీ తలుపు తెరవొద్దు. షాపుకి ప్రింట్ల కోసం ఒక ఈమెయిల్ పెట్టు, దానికి పంపి కిందికి వచ్చి తీసుకోమను. పని అయిపోగానే ఆ ఫైలు వాళ్ళ ముందే డిలీట్ చెయ్యి, డౌన్‌లోడ్స్ రోజూ రాత్రి ఖాళీ చెయ్యి, రీసైకిల్ బిన్‌తో సహా. నెట్‌వర్క్ ఎంత గట్టిగా పెట్టినా, ఆ ఆధార్ కాపీలు నీ దగ్గర లేకపోవడం కంటే పెద్ద సేఫ్టీ లేదు.

అంతా పెట్టాక, కొత్త రూటర్‌తో ప్రింటర్, డీవీఆర్ నంబర్లు మారి ఉంటాయి కాబట్టి ఆ చీటీ మీద కొత్తవి కూడా రాసుకుని, పైన హాల్లో కూర్చుని మళ్ళీ అన్ని నంబర్లూ కొట్టి చూడు, ఒక్క పేజీ కూడా రాకూడదు, పాత డబ్బా సెట్టింగ్స్ పేజీ తప్ప. ఆ చీటీ పారేయకు. నెట్ ఆగిపోయిందని కంప్లయింట్ ఇస్తే టెక్నీషియన్ వచ్చి ముందు చేసేది డబ్బాని రీసెట్ కొట్టడమో కొత్త డబ్బా పెట్టడమో, దాంతో నువ్వు పెట్టుకున్న పేర్లు, పాస్‌వర్డ్‌లు అన్నీ పోతాయి. కేబుల్స్ కూడా పీకి వాళ్ళకి వీలైనట్టు పెట్టి పోతారు. నీ సొంత రూటర్ వెనక షాపు ఉంటే డబ్బా ఎన్నిసార్లు మార్చినా షాపు వైపు ఏమీ మారదు, నేను ఆ దారే పట్టమన్నది అందుకే. అయినా టెక్నీషియన్ వచ్చి వెళ్ళిన ప్రతిసారీ ఒకసారి టెస్ట్ చెయ్యి, రెండు నిమిషాల పని.

రూటర్ కొనడం ఆదివారం దాకా ఆగినా పర్వాలేదు, కానీ రెండు పనులు ఇవాళ షాపు మూసేలోపు చేసేయ్, రూపాయి ఖర్చు లేదు. డీవీఆర్ పాస్‌వర్డ్ మార్చు, కెమెరాలు బిగించినవాడు పెట్టిందే ఇంకా ఉండి ఉంటది. 2016లో మిరాయ్ అనే వైరస్ పాస్‌వర్డ్ మార్చని ఇట్లాంటి డీవీఆర్‌లనీ కెమెరాలనీ లక్షల్లో పట్టుకుని, వాటితోనే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లని గంటలకొద్దీ ఆపేసింది. రెండోది, కౌంటర్ సిస్టమ్‌లో షేర్ పెట్టిన ఫోల్డర్ తీసేయ్, స్కానర్‌కి తప్పనిసరి అయితే దానికొక యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టు, "ఎవ్రీవన్" అని ఉన్నది తీసేయ్. ఆదివారం రూటర్ పెట్టేటప్పుడు ఎక్కడైనా ఆగిపోతే రెండు డబ్బాల వెనక స్టిక్కర్ మీదున్న మోడల్ నంబర్, ఏ కేబుల్ ఏ పోర్ట్‌లో ఉందో రాసి పంపు, స్టిక్కర్ ఫోటో పెడితే దాని మీదున్న పాస్‌వర్డ్ కనిపించకుండా వేలు అడ్డం పెట్టి తియ్యి.